కిటికీ పక్కన నూకాలమ్మ

ఫిబ్రవరి 2, ఆదివారం

దినేష్ ఫోన్ చేశాడు. తమ్ముడు తనంతట తాను ఫోన్ చేశాడంటే ఏదో వదిలించుకోవాలనే అర్థం.

"అక్కా, అమ్మమ్మ రాయి సంగతి. మా గురూజీ ఇల్లు చూడ్డానికొచ్చారు. కోళ్లు తినే దేవతని ఇంట్లో ఉంచితే పిల్లలకి చదువు రాదన్నారు. నీకు కావాలంటే వచ్చి తీసుకెళ్లు. లేకపోతే పై ఆదివారం సుంగైలో వదిలేస్తాం."

సుంగై అంటే వాడి ఇంటి వెనక పారే మురికి నది. రాయి అంటే నూకాలమ్మ. కొబ్బరి ఎస్టేటు పనికని విశాఖపట్నంలో ఓడెక్కినప్పుడు అమ్మమ్మ తల్లి చీర కొంగున ముడివేసుకుని తెచ్చిన పిడికెడు దేవత. మా అమ్మమ్మ వెంకమ్మ బతికినన్నాళ్లూ ఆవిడకు పెట్టాకే మాకు పెట్టేది.

"నాకున్నది ఒక్క అద్దె గదిరా" అన్నాను.

"పిడికెడు రాయే కదక్కా, ఎంత చోటు కావాలి?"

అన్ని దేశాలు దాటొచ్చిన దేవత చివరికి నా దగ్గరకు రావాలా? నాకే ఒక చోటంటూ లేదు.

ఫిబ్రవరి 9

మలేషియాలో తమ్ముడుండే పెరాక్ నుంచి సింగపూర్‌కు బస్సులో తొమ్మిది గంటలు. ఆవిడను బిస్కెట్ డబ్బాలో పెట్టి, చుట్టూ నా పాత చీర ముక్క కుక్కాను. అమ్మమ్మ చేయించిన వెండి కళ్లలో ఒకటే ఉంది. రెండోది ఏదిరా అంటే "ఏమో" అన్నాడు దినేష్. వాడి భార్య అటు తిరిగి నిలబడింది.

చెక్‌పాయింట్‌లో మలయ్ కుర్ర ఆఫీసరు స్కానర్ ఆపి డబ్బా మూత తీయించాడు.

"ఆంటీ, దిస్ వన్ వాట్?"

"స్టోన్."

"వై బ్రింగ్ స్టోన్? సింగపూర్ ఆల్సో గాట్ స్టోన్ వాట్."

"మై గ్రాండ్‌మదర్" అన్నాను. అతను అస్థికలనుకున్నాడు కాబోలు, ఇంకేమీ అడగకుండా రెండు చేతులతో డబ్బా తిరిగిచ్చాడు. సొంత తమ్ముడు ఒంటి చేత్తో ఇచ్చాడు.

ఫిబ్రవరి 10

గది నిలువునా మూడు అడుగుల మంచం, ఒక అల్మరా, ఒక బల్ల. తూర్పు గోడకు అవతల బాత్రూమ్. పడమటి గోడ నా కాళ్ల వైపు. అల్మరా మీద పెడితే ఫ్యాన్ రెక్క తగులుతుంది. బల్ల మీద నేను తింటాను. మిగిలింది కిటికీ పక్కన జానెడు గోడ. అక్కడ పెడితే ఆవిడకు ఎదురుగా పై అంతస్తు వాళ్లు వెదురు గడకు ఆరేసిన లోదుస్తులు కనిపిస్తాయి.

పందొమ్మిదేళ్లు నాలుగు గదుల ఫ్లాటులో ఉన్నాను. అప్పుడు అమ్మమ్మ బతిమాలింది, "ఈ తల్లిని నువ్వు పట్టుకెళ్లవే" అని. మా ఆయన యోగేశ్వరన్‌కు నచ్చదని నేనే వద్దన్నాను. ఇప్పుడు ఆ ఫ్లాటు అమ్మేశాం. విడాకులయ్యాయి. ఆయన పుంగ్గోల్‌లో కొత్త భార్యతో ఉన్నాడు. నాకేమీ కోపం లేదు.

ఆవిడ ఇంకా డబ్బాలోనే ఉంది.

ఫిబ్రవరి 15

ఆరో అంతస్తు చైనీస్ ముసలావిడ పోయింది. ఆవిడ పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ ఎర్ర రంగు పూజ అరను బ్లాక్ కింద చెత్తడబ్బాల పక్కన పెట్టి వెళ్లిపోయారు. గోడకు తగిలించుకునే చిన్న చెక్క అర. అగరుబత్తి పొగకు పైచెక్క నల్లబడింది. లోపల దేవుడు లేడు.

పైకి తెచ్చుకున్నాను. లిఫ్టులో ఇద్దరున్నారు, ఇద్దరూ నా వైపు చూడలేదు.

ఒక దేవుడు ఖాళీ చేసిన చోట ఇంకో దేవత అద్దెకు. మనుషులకు లేని పట్టింపు ఆవిడకు మాత్రం ఎందుకు?

ఫిబ్రవరి 16, ఆదివారం

పొద్దున్నే లిటిల్ ఇండియా వెళ్లాను. పసుపు, కుంకుమ, గుప్పెడు వేపాకు, ఉంగరపు వేలంత మట్టి పిడత. గోడకు మేకు కొట్టకూడదని ఇంటి షరతు. అందుకని అరను రెండు ఇటుకల మీద నిలబెట్టి కిటికీ చువ్వకు తాడుతో కట్టాను. మగ్గులో పసుపు కలిపి ఆవిడకు నీళ్లు పోశాను. లేని కన్ను చోట కుంకుమ బొట్టు పెట్టాను. దీపం వెలిగించకూడదన్నది ఇంకో షరతు కాబట్టి బ్యాటరీ దీపం. దానికి మీట నొక్కుతుంటే సిగ్గేసింది.

కూర్చుంటే నా మోకాళ్లు మంచానికి తగులుతున్నాయి. అయినా చాలాసేపు కూర్చున్నాను.

ఏమీ అడగలేదు. పుంగ్గోల్ గురించి అసలే అడగలేదు.

ఫిబ్రవరి 24

నిన్న ఆవిడకు నెత్తళ్ల చేపలు పెట్టాను. కింద తిండి కొట్ల హాకర్ సెంటర్‌లో వేయించినవే, నాలుగు. అమ్మమ్మ ఆదివారం ఆదివారం పెట్టేది. వాసన తలుపు కిందనుంచి పోయినట్టుంది. ఇవాళ క్లినిక్‌లో పని ముగించుకుని వచ్చేసరికి ఇంటావిడ అరుంధతి హాల్లో నిలబడి ఉంది.

అరుంధతిది గుంటూరు. భర్త విశ్వేశ్వరరావుకు బ్యాంకులో ఉద్యోగం. తొమ్మిదేళ్ల కూతురు నిఖిల. హాల్లో వాళ్ల దేవుడికి గుండె ఎత్తు టేకు మందిరం, వెండి గంట, పైన దీపాల దండ. ఉల్లిపాయ కూడా ఏకాదశి చూసి కోస్తారు.

"శర్మిల గారూ, గుడ్డు కూడా వద్దని ముందే చెప్పాం కదండీ. స్మెల్ వస్తోంది."

దాచి లాభం లేదని తలుపు తీసి చూపించాను. ఆవిడ లోపలికి రాలేదు. గడప దగ్గర నిలబడే చూసింది.

"ఇలాంటి దేవతల్ని ఇళ్లలో పెట్టుకోరండీ. ఊరి బయట ఉంటారు వాళ్లు."

"ఇక్కడ ఊరి బయటంటే ఎక్కడమ్మా? క్రాంజీ పొలాల్లో వెతకమంటారా?"

నవ్వలేదు. "నేను తప్పుగా అనడం లేదు. మీ నమ్మకం మీది. కర్టెన్ కట్టుకోండి. డోర్ వేసుకోండి. నిక్కీని మాత్రం లోపలికి రానివ్వకండి, భయపడుతుంది" అంది.

నిఖిల తల్లి వెనకనుంచి తొంగి చూస్తోంది. "మమ్మీ, వై షీ గాట్ వన్ ఐ ఓన్లీ?" అంది. భయమేమీ కనబడలేదు.

ఫిబ్రవరి 25

కర్టెన్ కట్టాను.

మార్చి 14, శుక్రవారం

ఇంట్లో లలితా పారాయణ. పదిమంది ఆడవాళ్లు, పట్టుచీరలు. అరుంధతే పిలిచింది, "మీరూ వచ్చి కూర్చోండి, పరాయివాళ్లేం కాదుగా" అని. నమ్మాను. గంధం రంగు చీర కట్టుకున్నాను. క్లినిక్‌లో సగం రోజు సెలవు పెట్టాను.

చివర్లో తాంబూలాలు. అరుంధతి కుంకుమ భరిణె పట్టుకుని వరసగా వస్తోంది. నా పక్కావిడకు పెట్టింది. నా దగ్గర ఆగింది. నా మొహం చూసింది, మెడ చూసింది. భరిణె ఎడమచేతిలోకి మార్చుకుని ఒక అరటిపండు నా ఒడిలో పెట్టి, "మీరు తినండి, పొద్దున్నుంచీ ఏం తినలేదు కదా" అని, ఆ తరవాతావిడ దగ్గరకు వెళ్లింది.

భర్త చచ్చిపోలేదమ్మా, పుంగ్గోల్‌లో ఉన్నాడు, అని అరవాల్సింది. అరవలేదు. అరటిపండు తినేశాను. అందరూ చూస్తుండగా మొత్తం తిన్నాను.

గదిలోకొచ్చి కర్టెన్ లాగి, నా కుంకుమ నేనే పెట్టుకున్నాను. నూకాలమ్మకూ పెట్టాను. ఏమీ అడగలేదు. నిజంగా అడగలేదు.

మార్చి 18

అరుంధతి వంటింట్లో పలకరించింది. నేనూ పలకరించాను. మనసులో ఏమీ పెట్టుకునే మనిషిని కాదు.

మార్చి 21

అరటిపండు అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. ఇంత చిన్న విషయానికి.

మార్చి 25

నిఖిలకు జ్వరం. విశ్వేశ్వరరావు హాంకాంగ్‌లో ఉన్నాడు, రెండు వారాల పని.

మార్చి 26, బుధవారం

క్లినిక్‌లో ఒక తల్లి కొడుకును తీసుకొచ్చింది, ఒంటినిండా చికెన్‌పాక్స్ పొక్కులు. ఈ నెలలో ఇది ఆరో కేసు. మందుల కౌంటర్లో నేనే ఉన్నాను. సీసా ఆవిడ చేతికిచ్చి రోజూ చెప్పేదే చెప్పాను: "ఫస్ట్ డే మస్ట్ స్టార్ట్, ఆ. డోంట్ వెయిట్."

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తలుపు చప్పుడైంది. అరుంధతి. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. చేతిలో అదే మందు సీసా, సీలు తీయలేదు.

"నిక్కీకి అమ్మవారు పోసిందండీ" అంది. ఇన్నాళ్లూ ఫీవర్, యాసిడిటీ అనే మనిషి నోట అమ్మవారన్న మాట మొదటిసారి విన్నాను. "డాక్టర్ ఇది వేయమన్నాడు. మా అత్తగారు ఫోన్‌లో వద్దంటున్నారు, అమ్మవారికి కోపం వస్తుందని. ఆయన ఫోన్ ఎత్తడం లేదు. నాకేం తోచట్లేదండీ. మీకు తెలుసు కదా, ఇవన్నీ."

"ఇవన్నీ అంటే?"

ఆవిడ చూపు నా భుజం మీదుగా కర్టెన్ వైపు పోయింది. "నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ చేసేవాళ్లు. మా చాకలి సూరమ్మ చేతికి చలిమిడి, పెరుగన్నం ఇచ్చి పోలేరమ్మ దగ్గరికి పంపేవాళ్లం. మేం వెళ్లేవాళ్లం కాదు."

అయితే ఇప్పుడు సూరమ్మను నేనన్నమాట.

"లోపలికి రండి" అన్నాను. వచ్చింది. ఆ గడప దాటడం అదే మొదలు. కర్టెన్ తీశాను. మోకాళ్ల మీద కూర్చోమన్నాను, కూర్చుంది. ఆవిడ పట్టీల కాళ్లు నా మంచం కిందకు పోయాయి.

"ఏం పెట్టాలండీ?"

"గుడ్డు" అన్నాను.

తలెత్తి చూసింది.

"మీ చేత్తోనే. కొని తెచ్చి, కడిగి, మీరే పెట్టాలి."

అమ్మమ్మ ఆటలమ్మకు ఎప్పుడూ గుడ్డు పెట్టలేదు. చల్లటివే పెట్టేది. నాకు తెలుసు.

పది నిమిషాల్లో కింద కొట్టు నుంచి గుడ్ల అట్ట తెచ్చింది. చున్నీలో దాచుకుని తెచ్చింది, లిఫ్టులో తెలిసినవాళ్లు చూడకుండా. ఒకటి తీసి పిడత ముందు పెట్టింది. వేళ్లు చున్నీకి తుడుచుకుంది. నాకెంత హాయిగా అనిపించిందో రాస్తే నాకే అసహ్యం. రాయను.

లేచి నిలబడి సీసా చూపించింది. "మరి ఇది?"

"మూడు రోజులు వేయకూడదు" అన్నాను.

అమ్మమ్మ చెప్పేదే చెప్పాను. ఆటలమ్మ వస్తే మందు ముట్టనిచ్చేది కాదు. నా సొంతంగా ఒక్క ముక్క చెప్పలేదు.

మార్చి 27

గుడ్డు. వేపమండలు అడిగింది, బస్టాపు దగ్గర చెట్టునుంచి తెచ్చిచ్చాను. పిల్ల మంచం చుట్టూ కట్టుకుంది. "మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో" అంది. మామూలుగానే అంది, ఎత్తిపొడుపు కాదు.

సీసా ఫ్రిజ్ మీద ఉంది.

మార్చి 28

క్లినిక్‌లో మళ్లీ ఒక కేసు. నేను లేబుళ్లు అంటించే పని అడిగి తీసుకుని, కౌంటర్లో ఇంకో అమ్మాయిని నిలబెట్టాను.

రెండో రోజు. ఇప్పటికైనా వేయండి అని చెప్పొచ్చు. చెప్తే మొన్న చెప్పింది అబద్ధమని తేలుతుంది. అయినా చాలామంది పిల్లలకు దానంతటదే తగ్గిపోతుంది. మందు లేకుండానే నాకు తగ్గింది, దినేష్‌కు తగ్గింది.

మార్చి 29, కొత్త అమావాస్య

నూకాలమ్మ పండగ. జ్వరం దిగింది. నిఖిల పెరుగన్నం తిని, గోడ అవతలనుంచి "ఆంటీ, టెల్ యువర్ వన్-ఐ గాడెస్ థ్యాంక్యూ, ఆ" అని అరిచింది. అరుంధతి ఏడుస్తూ నవ్వింది. సాయంత్రం మందు మొదలుపెట్టింది.

చూశావా, అన్నాను నాతో నేనే. చూశావా.

ఏప్రిల్ 2

పొద్దున్న నిఖిల మంచం దిగి నాలుగడుగులు వేసి పక్కకు పడిపోయింది. లేచి మళ్లీ పడింది. వాంతి. మాట ముద్దగా వస్తోంది, నాలుక మందమైనట్టు. అరుంధతి "నడువమ్మా, ఆటలొద్దు, సరిగ్గా నడువు" అంటోంది.

అంబులెన్సుకు నేనే ఫోన్ చేశాను. ఆ మాట రాసుకోవాలి. నేనే చేశాను.

ఏప్రిల్ 4

వైరస్ మెదడు వెనక భాగానికి పాకిందట. నడక, మాట, చేతుల పట్టు అక్కడే ఉంటాయట. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. తగ్గుతుందన్నారు. ఎన్నాళ్లకో, ఎంతవరకో చెప్పడం లేదు.

నేను పక్కనుండగానే అరుంధతి డాక్టరమ్మను అడిగింది, మందు ముందే వేసి ఉంటే ఇలా అయ్యేది కాదా అని. ఆవిడ ఫైలు మూసి, "చెప్పలేం. వేసినా వచ్చి ఉండొచ్చు" అంది.

చెప్పలేం. చెప్పలేం అంది. డాక్టరే అంది.

ఏప్రిల్ 5

చెప్పలేం.

ఏప్రిల్ 6

విశ్వేశ్వరరావు నిన్న వచ్చాడు. మధ్యాహ్నం ఇంటికి బట్టల కోసం వచ్చారు ఇద్దరూ. నేను వంటింట్లో గిన్నె కడుగుతున్నాను. అతను ఫ్రిజ్ మీది సీసా తీసి వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇరవయ్యారున ఇచ్చారు. ఇంకా ఇంత మిగిలిందేంటి?"

అరుంధతి పిల్ల బట్టలు సంచిలో సర్దుతోంది.

"నిన్నే. ఎప్పుడు స్టార్ట్ చేశావ్?"

"ఇరవై తొమ్మిదిన."

"మూడు రోజులు ఏం చేశావ్? చదువుకున్నదానివేనా నువ్వు? ఎవరు చెప్పారు ఆపమని?"

కొళాయి కట్టేశాను. ఇప్పుడు నా పేరు వస్తుంది. రానీ అనుకున్నాను. వస్తే నేనూ అనాల్సినవి అంటాను, కుంకుమ భరిణె సంగతి, అరటిపండు సంగతి, అన్నీ.

"ఎవరూ చెప్పలేదు" అంది అరుంధతి. "నేనే భయపడ్డాను. నాదే తప్పు."

అతను సీసాను సింకులోకి విసిరాడు, నా చేతుల పక్కనే పడింది. ఒక్కసారి నా మొహం చూశాడు, పరాయి మనిషి ముందు అరిచినందుకు ఇబ్బందిపడి, "సారీ అండీ" అన్నాడు.

నాకు సారీ చెప్పాడు. నేను "పర్లేదండీ" అన్నాను.

ఏప్రిల్ 13

నిఖిలను ఇంటికి తెచ్చారు. గోడ పట్టుకుని నడుస్తోంది. చెంచా నోటి దాకా వెళ్లేలోపు సగం ఒలికిపోతోంది. ఆంటీ అనబోతే "ఆం" దగ్గర ఆగిపోయి, నా వైపు చూసి మళ్లీ మొదలుపెట్టింది. అంతసేపు ఆగలేక లోపలికి వచ్చేశాను.

ఏప్రిల్ 20

అరుంధతి రోజూ పొద్దున్నే నా తలుపు కొడుతోంది. స్నానం చేసి, తడి జుట్టుతో, చేతిలో గుడ్డు. నేను మంచం మీదకు కాళ్లు తీసుకుంటాను. తను కూర్చుంటుంది. భర్త ఆఫీసుకు వెళ్లాక వస్తుంది.

"ప్రాణం నిలబెట్టింది తల్లి" అంటుంది. "ఇంకేమైనా చెప్పిందా అండీ మీకు? ఏదైనా అడిగిందా?"

లేదంటాను.

ఏప్రిల్ 22

వచ్చింది. గుడ్డు.

ఏప్రిల్ 23

వచ్చింది. నేను క్లినిక్‌కని ముందే బయటపడి బస్టాపులో గంటసేపు కూర్చున్నాను. సాయంత్రం వచ్చేసరికి గుడ్డు లోపల ఉంది. నేను లేనప్పుడు కూడా నా గదిలోకి వస్తోంది.

మే 4, ఆదివారం

ఇక దాచుకోలేకపోయాను. మంచిదాన్నయి కాదు, ఆ గుడ్లు చూడలేక.

విశ్వేశ్వరరావు పిల్లను వ్యాయామం చేయించడానికి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అరుంధతి వచ్చి కూర్చుంది. నేను కూడా కింద కూర్చున్నాను, ఇద్దరికీ చోటు చాల్లేదు, భుజాలు తగిలాయి.

"అరుంధతీ, అమ్మ నాకేమీ చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు గుడ్డు పెట్టమన్నది నేను. మందు వేయొద్దన్నది నేను. ఆ పొద్దున్నే క్లినిక్‌లో ఇంకొకావిడకు వెంటనే మొదలుపెట్టమని ఇదే నోటితో చెప్పాను. తెలిసే చెప్పాను నీకు. కోపంతో చెప్పాను."

ఆవిడ గుడ్డు సర్దింది, దొర్లిపోకుండా పిడతకు ఆనించింది.

"నాకు తెలుసండీ" అంది.

ఆవిడ వైపు తిరిగాను.

"మీరు పని చేసేది క్లినిక్‌లోనేగా. హాస్పిటల్లో రెండో రోజే అర్థమైంది. ఆ రోజు మీ మొహం గుర్తొచ్చింది. పారాయణ రోజు మీ మొహం కూడా గుర్తొచ్చింది."

"మరి ఆయనకెందుకు చెప్పలేదు?"

"చెప్తే? ఎవరో ఒక టెనెంట్ మాట విని కూతురికి మందు ఆపానని చెప్పాలా?" గొంతు పెంచలేదు. "అమ్మవారు ఆపమంది, నేను ఆపాను. అమ్మవారే ప్రాణం నిలబెట్టింది. అలా అనుకుంటే పొద్దున్న లేచి నిక్కీ మొహం చూడగలుగుతున్నాను. మీరు చెప్పేసి తేలికవుదామని వచ్చారు. నాకది వద్దు. ఆ ఒక్క మాటా నా దగ్గర్నుంచి లాక్కోకండి."

చెయ్యి పట్టుకోబోయాను. తీసేసుకుంది.

"నెలాఖరుకి గది ఖాళీ చేయండి. ఆయనకి ఏదో ఒకటి నేను చెప్తాను."

"సరే" అన్నాను. "అమ్మను తీసుకుని..."

"ఆవిడ ఇక్కడే ఉంటుంది."

"అది మా అమ్మమ్మది, అరుంధతీ. ఓడలో తెచ్చుకున్నది. నాకు మిగిలింది అదొక్కటే."

"మీ అమ్మమ్మ మాటే కదా నాకు చెప్పారు. ఆ మాటకి నేనిచ్చింది నా కూతురి నడక. ఇంక ఆవిడ నాది." లేచి నిలబడింది. "మందిరం పక్కన చోటు చేశాను. కర్టెన్ అక్కర్లేదు."

మే 18

ఎర్ర అరను అరుంధతి తనే మోసుకెళ్లి హాల్లో పెట్టుకుంది. విశ్వేశ్వరరావు పిల్ల విషయంలో ఇప్పుడు ఆవిడకు ఎదురు చెప్పడం లేదు. నా కిటికీ పక్కన ఇటుకలు మాత్రం మిగిలాయి. కింద పడేసి వచ్చాను.

మే 29

నిఖిల గోడ వదిలి హాలు మధ్యదాకా ఏడడుగులు నడిచింది. ఎనిమిదోది తూలింది. అరుంధతి పరుగెత్తుకెళ్లి మొదట నూకాలమ్మకు దండం పెట్టి, తరవాత పిల్లను లేపింది.

నేను తలుపు సందులోంచి చూశాను. నన్ను ఎవరూ పిలవలేదు.

మే 31

సామాను రెండు పెట్టెలే. వెళ్లొస్తానని నూకాలమ్మ ముందు నిలబడ్డాను. ఎవరో చక్కగా పసుపు రాశారు, రెండు వైపులా చామంతులు. రెండో కన్ను కూడా చేయించారు, కొత్త వెండి. రెండు కళ్లతో ఆవిడ నా కిటికీ పక్కన కూర్చున్న దేవతలా లేదు.

అడుగుదామనుకున్నాను, మొదటిసారి. అడగడానికి నోరు రాలేదు.

జూన్ 1, ఆదివారం

కొత్త గది చువా చు కాంగ్‌లో. ఇంటావిడ చైనీస్, డెబ్బై దాటి ఉంటాయి, ఒక్కతే ఉంటుంది. తాళం చెవి ఇస్తూ నా పెట్టెల వైపు చూసి, "యూ ప్రే ఎనీథింగ్? పుట్ ఆల్టర్ కెన్ వన్. కుక్ ఫిష్, కుక్ చికెన్, ఆల్ కెన్. ఐ డోంట్ మైండ్ లా" అంది.

"నో, ఆంటీ. నథింగ్" అన్నాను.

గది పెద్దది. కిటికీ కింద గోడంతా ఖాళీ. మంచాన్ని జరిపి ఆ గోడకు ఆనించేశాను.